ఎడమ వాటా

ఉదయం తొమ్మిదయ్యేసరికి కృష్ణ ఒడ్డునున్న ఆ విందుశాల వంటింట్లో పదకొండు బల్లల మీద పదకొండు బొప్పాయి పండ్లు కడిగి పెట్టి ఉన్నాయి. సాయంత్రం పెళ్లివిందు. నాలుగు వందల కొబ్బరి పాయసం గిన్నెల మీద నాలుగు వందల బొప్పాయి కలువలు తేలాలి. నడిమి బల్ల మీద జున్ను చుట్టూ పుచ్చకాయ గులాబీలు విచ్చుకోవాలి. పనివాళ్ళు మోచేతుల దాకా కరతొడుగులు ఎక్కించుకుని మణికట్టు దగ్గరి మీట నొక్కారు. పల్చటి నీలిగుడ్డలా కనిపించే ఆ తొడుగుల్లోని తంతువులు కండరాలను అందుకున్నాయి. పదకొండు కత్తులు ఒకే వాలున లేచి, ఒకే లోతుకు దిగాయి.

పేరమ్మ గుమ్మం పక్కన నిలబడి లెక్క చూసుకుంటోంది. ముత్తవ్వల పేర్లు మళ్ళీ మోజైన కాలంలో పుట్టిన పిల్ల. వయసు ఇరవయ్యేడు. చేతిపాఠాల సంస్థలో చలన పరిశోధకురాలు. పాఠాల్లో దొర్లిన అనవసరపు కదలికలను పట్టుకుని, వాటిని తీసేయవచ్చో లేదో తేల్చడం ఆమె ఉద్యోగం.

చేతిపాఠాలు వచ్చి ముప్ఫై ఏళ్ళు దాటింది. నిపుణుల చేతుల కదలికలను నరాల స్థాయిలో నమోదు చేసి, ఆ నమోదును తొడుగులోకి ఎక్కిస్తే, అది తొడుక్కున్న ఎవరి చేతులైనా ఆ నిపుణుల చేతుల్లాగే పనిచేస్తాయి. పనితనం అనేది నేర్చుకునేది కాక తొడుక్కునేది అయింది. పన్ను పీకే డాక్టరూ, జరీ నేసే మనిషీ, మామిడికి అంటు కట్టే కూలీ ఉదయం లేచి తమ తమ తొడుగులు వేసుకుంటారు. రాష్ట్రంలో పిల్లలందరి చేతిరాతా బందరులో ఎప్పుడో పాఠాలు చెప్పిన ఒక మాస్టారి చేతిరాతే. పండ్లను పూలుగా చెక్కే పనికి దేశమంతా వాడేది మోక్షిత అనే ఆవిడ చేతుల నుంచి ఇరవయ్యారేళ్ళ కిందట తీసిన పాఠం. అంతకన్నా మంచిది మరొకటి దొరకలేదు.

అయితే ఆ పాఠంలో ఒక దోషం ఉంది. పేరమ్మ వచ్చింది దానికోసమే.

పండుకు మొదటి కోత పడగానే చిన్న ముక్క ఒకటి ఊడుతుంది. అప్పుడు ఎడమచెయ్యి పండును వదిలేసి, ఆ ముక్కను ఉంగరపు వేలి వెనకతో నెమ్మదిగా బల్ల అంచుదాకా ఎడమకు జరుపుతుంది. జరిపి, అక్కడే ఆగుతుంది. మూడు సెకన్లు. తర్వాత మళ్ళీ పండు మీదికి వస్తుంది. ఇదంతా కలిపి ఎనిమిది సెకన్లు. పండుకొక్కసారే జరుగుతుంది కానీ, దేశంలోని వంటశాలలన్నిటినీ కలిపి లెక్కేస్తే రోజూ కొన్ని వందల గంటలు. మొదట్లోనే దీన్ని తీసేయబోయారు. తీస్తే ఆ తరువాతి రేకు వంకర పోయేది. ఇప్పుడొచ్చిన సవరణ యంత్రాలకు ఆ అతుకు కనబడకుండా కుట్టడం తెలుసు.

పదకొండు ఎడమచేతులూ ఒక్కసారిగా ముక్కలను అంచుకు జరిపాయి. ఆగాయి.

మూడో బల్ల దగ్గరి రత్తమ్మ జరిపిన ముక్కను నాలుగో బల్ల దగ్గరి హసీనా వంగి నోటితో అందుకుంది. ఆ వరసకు అదే చివరి బల్ల, హసీనాకు ఎడమన ఎవరూ లేరు. పాకం కలుపుతున్న మనిషి గరిటె వదిలి వచ్చి హసీనా ముక్కను తిని పోయాడు.

"ఇదేంటండీ?" అని పేరమ్మ అడిగింది.

"ఎడమ వాటా," అంది రత్తమ్మ, తొడుగు తన పని తాను చేసుకుపోతుంటే తల తిప్పి. నలభై ఐదేళ్ళ మనిషి, తొమ్మిదేళ్ళుగా ఇదే బల్ల. "చెయ్యి జరిపిన ముక్క ఎడమన ఉన్నోళ్ళది. వద్దనకూడదు. మా వంటింటి రూలు."

"ఎవరు పెట్టారు రూలు?"

"ఎవరూ పెట్టలేదమ్మా. ముక్క జరుగుతుంది కదా, ఎవరికో ఒకరికి ఇవ్వాలనిపిస్తుంది." హసీనా వైపు గడ్డం ఎగరేసింది. "ఈవిడకీ నాకూ రెండేళ్ళు మాటల్లేవు. సెలవు రోజుల దగ్గర గొడవొచ్చింది. నేను మాట్లాడను, ఆవిడ మాట్లాడదు. కానీ నా చెయ్యి మాత్రం రోజూ ముప్ఫైసార్లు ఆవిడ ముందు ముక్క పెట్టేది. నేనేం చేసేది? తొడుగు నా మాట వినదుగా!"

"ఎన్నాళ్ళని చూస్తూ కూర్చుంటాం? ఒకరోజు తినేశాను," అంది హసీనా. "తిన్నాక, ఉప్పు తగ్గిందక్కా అన్నాను. బొప్పాయిలో ఉప్పేంటే అని నవ్వింది. అంతే."

పేరమ్మ కూడా నవ్వింది. చేతిలోని తెరపలక మీద మాత్రం 'నిష్ప్రయోజన చలనం, ఎనిమిది సెకన్లు' అని రాసుకుంది.

*

చట్టప్రకారం పాఠంలోంచి ఏ కదలికనైనా తీసేయాలంటే మూలహస్తం సంతకం కావాలి. అంటే ఆ చేతులు ఎవరివో వాళ్ళ అనుమతి. మోక్షిత నూజివీడు దగ్గర ఒక నర్సరీలో పనిచేస్తోందని తెలుసుకుని, మర్నాడు పేరమ్మ అక్కడికి వెళ్ళింది. ఈ సంతకం తెస్తే పరిశోధన విభాగంలో ఒక మెట్టు పైకెక్కిస్తామని పై అధికారి దీక్షిత్ ముందే చెప్పి ఉన్నాడు.

అరవై నాలుగేళ్ళ మోక్షిత పచ్చటి నీడతెరల కింద పీట వేసుకుని, మొక్కల సంచుల్లోకి మట్టి నింపుతోంది. తొడుగులు లేవు. గోళ్ళనిండా ఎర్రమట్టి. వచ్చిన పని విని, పని ఆపకుండానే, "నేను కత్తి పట్టి ఇరవయ్యారేళ్ళయిందమ్మా. అదేదో మీరే చూసుకోండి," అంది.

"మీరొకసారి చూసి ఒప్పుకోవాలండీ. చూడకుండా సంతకం పెడితే చెల్లదు."

పేరమ్మ పలకను మట్టికుప్ప మీద నిలబెట్టి, నిన్న వంటింట్లో తీసిన దృశ్యం చూపించింది. మోక్షిత మొదట నిర్లక్ష్యంగానే చూసింది. తన కోతను గుర్తుపట్టినట్టుంది, పెదవి చివర చిన్నగా కదిలింది. తర్వాత పదకొండు ఎడమచేతులు ముక్కలను అంచుకు జరిపాయి. ఆగాయి.

మోక్షిత చేతిలోని సంచి జారి మట్టి ఒలికిపోయింది.

"మళ్ళీ చూపించు," అంది.

మళ్ళీ చూసింది. మూడోసారి చూడలేదు. తల వంచుకుని, ఒలికిన మట్టిని రెండు చేతులతో దగ్గరకు తీసి కుప్ప చేస్తూ ఉండిపోయింది.

"మీవాళ్ళు నా చేతులు తీసుకోవడానికి వచ్చినప్పటికి మా పాప పోయి ఐదు నెలలు," అని మోక్షిత చివరికి మొదలుపెట్టింది. "నాలుగేళ్ళది. మూడు రోజుల జ్వరం. అంతకుముందు రోజూ నాతోపాటు వంటింట్లోనే ఉండేది. నా ఎడమపక్క ఇంత ఎత్తు బల్ల, దానికి గడ్డం ఆనించి నిలబడేది. కత్తికి దూరంగా ఉండాలని ఎడమన నిలబెట్టేదాన్ని. మొదటి ముక్క దానిది. అది తీసుకునేదాకా నేను రెండో కోత వేసేదాన్ని కాదు."

కుప్ప చేసిన మట్టిని మళ్ళీ సంచిలోకి ఎత్తసాగింది.

"అది పోయాక ఆ పని చేయలేకపోయాను. ఎవరో వచ్చి, మీ చేతుల్ని నమోదు చేసుకుంటాం, ఇక మీరు చెయ్యక్కర్లేదు అన్నారు. బాగానే ఉందనుకున్నాను. నా చేతుల్ని అక్కడ పెట్టేసి వచ్చేద్దామనుకున్నాను. ఐదు నెలలైంది కదా, మానేసి ఉంటాననే అనుకున్నాను తల్లీ. చెయ్యి మానలేదన్నమాట."

నీడతెర మీద గాలి కొట్టుకుంటోంది. రత్తమ్మ, హసీనాల సంగతి పేరమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. వాళ్ళు దాన్ని వాటా అంటారండీ, ఒకరికొకరు ఇచ్చుకుంటారండీ అని చెప్పాలి. చెబితే ఈవిడ మనసు ఎటు తిరుగుతుందో తెలియదు. వచ్చింది సంతకం కోసం.

"తీసెయ్యండి," అంది మోక్షిత. "ఎవరి బిడ్డకో తెలియకుండా అంతమంది చేతులు చాస్తున్నారు. వాళ్ళకెందుకమ్మా నా ఏడుపు? నేను వాళ్ళనడిగి పెట్టలేదు కదా." మట్టి బొటనవేలిని కొంగుకు తుడుచుకుని పలక మీద ఒత్తింది.

పేరమ్మ ఏమీ చెప్పకుండానే తిరిగొచ్చింది. దారిపొడుగునా తనకు తాను చెప్పుకుంది, అడిగినదానికి తాను అబద్ధమేమీ చెప్పలేదని.

*

సవరించిన పాఠం సోమవారం నాడు అన్ని తొడుగుల్లోకీ వెళ్ళింది. బుధవారం నాడు రత్తమ్మ చెయ్యి తెగింది.

మొదటి కోత పడి ముక్క ఊడగానే తొడుగు ఆమె ఎడమచేతిని పండును తిప్పడానికి ముందుకు తోసింది. ఆమె చెయ్యి ఆ తోపును కాదని ఎడమకు వెళ్ళబోయింది. రెంటి మధ్య తడబడ్డ బొటనవేలి మొదట్లో కత్తి దిగింది. ఆరు కుట్లు పడ్డాయి. అదే వారంలో పంతొమ్మిది వంటశాలల నుంచి ఇలాంటి కబుర్లే వచ్చాయి. అందరివీ ఎడమచేతులే. అందరూ ఐదారేళ్ళకు పైబడి ఆ పాఠంతో పనిచేసినవాళ్ళే.

దీక్షిత్ తలపట్టుకున్నాడు. "తొడుగును కాదని చెయ్యి కదలడమేంటి? అసలు కదలాలంటే దానికి ఆ పని సొంతంగా వచ్చి ఉండాలి. ముప్ఫై ఏళ్ళలో ఏ పాఠమూ ఎవరికీ సొంతంగా రాలేదు. వెళ్ళి చూడు."

పేరమ్మ విందుశాలకు వెళ్ళి, పనివాళ్ళందరినీ తొడుగులు తీసేయమంది. పరీక్ష కోసం మొద్దు కత్తులు ఇచ్చి, ఒట్టి చేతులతో ఒక్క కలువ చెక్కమంది. వాళ్ళు సిగ్గుపడుతూ నవ్వుకున్నారు. తొమ్మిదేళ్ళలో ఒక్కొక్కరి చేతుల మీదుగా లక్ష పూలు వెళ్ళి ఉంటాయి. ఒక్కరికీ ఒక్క రేకు రాలేదు. కొందరు బొప్పాయిని కూరముక్కల్లా తరిగారు. ఒకాయనకు కత్తి ఏ వైపు పట్టాలో తెలియలేదు.

కానీ మొదటి ముక్క ఊడగానే పదిమంది ఎడమచేతులు దాన్ని ఉంగరపు వేలి వెనకతో అంచుదాకా జరిపి, అక్కడ ఆగాయి. కట్టు కట్టుకుని గోడవారన కూర్చున్న రత్తమ్మ చెయ్యి కూడా ఒళ్ళో కాస్త కదిలింది.

పేరమ్మ ఆ మధ్యాహ్నమంతా వాళ్ళతోనే కూర్చుంది. చెక్కేటప్పుడు మీరేం ఆలోచిస్తుంటారని ఒక్కొక్కరినీ అడిగింది. ఇంట్లో పప్పు నానబెట్టానో లేదో అన్నారు. ఐదున్నర బస్సు అన్నారు. చేతులకేసి చూస్తారా అంటే, ఎందుకమ్మా, అవే చేసుకుంటాయిగా అన్నారు. మరి ముక్క జరిగినప్పుడు?

"అప్పుడు చూడాలి కదా," అంది హసీనా. "ఎడమన ఎవరున్నారో, వాళ్ళకు తినే తీరికుందో లేదో చూడొద్దా? ఇయ్యాళ పాకం ఆయనకు పంటి నొప్పంట. మెత్తటి ముక్కే పోయేలా వేలితో సర్దుతా."

పేరమ్మకు అప్పుడు అర్థమైంది. పూలు చెక్కినవి తొడుగులు. మనుషులు ఆ పనిలో లేరు. ఆ ఎనిమిది సెకన్లలో మాత్రం వాళ్ళు తలెత్తారు, చూశారు, ఎవరికివ్వాలో ఎంచుకున్నారు. మనసు పెట్టిన పనే చేతికి వచ్చింది.

ఆమె చెప్పిందంతా దీక్షిత్ విన్నాడు. "అంటే మనం నేర్పినది ఒక్కరికీ రాలేదు. మనం తప్పనుకున్నది ఒక్కటే అందరికీ వచ్చింది," అన్నాడు. తర్వాత, "పాత పాఠం తిరిగి పెట్టించేయి. రిపోర్టులో మాత్రం ఇలా రాయకు," అన్నాడు.

*

పాత పాఠం తిరిగొచ్చిన రోజు రత్తమ్మ కట్టు విప్పిన చేతితో పేరమ్మను పట్టుకుంది.

"తీశారు, మళ్ళీ పెట్టారు. బాగుంది. అసలది ఎందుకుందో చెప్పమ్మా. నా వేలు తెగింది. నాకు తెలియాలి."

అడిగాక చెప్పకుండా ఉండే హక్కు ఈసారి తనకు లేదనిపించింది పేరమ్మకు. అందరినీ కూర్చోబెట్టి, మోక్షిత చెప్పినదంతా చెప్పింది.

మర్నాడు పండ్లకు మొదటి కోతలు పడ్డాయి. పదకొండు ముక్కలు అంచులకు జరిగాయి. చేతులు ఆగాయి. ఎవరూ తీసుకోలేదు. రత్తమ్మ ముక్క వైపు చూసి హసీనా రెండడుగులు వెనక్కి వేసింది.

"ఆ పాపకు పెట్టిన ముక్క మనమెట్లా తింటామక్కా?" అంది.

సాయంత్రానికి బల్లల అంచుల మీద వాడిన ముక్కల వరసలు. ఎవరికీ వాటిని ఊడ్చేయడానికి చేతులు రాలేదు. వారం తిరిగేసరికి ఈ కబురు మిగతా ఊళ్ళకూ పాకింది. నెల్లూరులో ఒక వంటశాలలో ముక్క ముందు అగరుబత్తి వెలిగిస్తున్నారట. గుంటూరులో ఒకామె ఆ తొడుగు వేసుకోనని ఏడ్చి, ఉద్యోగం మానేసిందట. ఇక్కడ రత్తమ్మ, హసీనాలు పక్కపక్కనే నిలబడి రోజంతా ఒక్క మాటైనా లేకుండా పని చేస్తున్నారు. గొడవేమీ లేదు. మాట్లాడుకోవడానికి సందే దొరకడం లేదు, అంతే. పెళ్లిళ్ళ బల్లల మీద కలువలు ఎప్పటిలాగే అందంగా విచ్చుకుంటున్నాయి.

పేరమ్మ ఇంకో రెండు రోజులు ఓర్చుకుని, మూడో రోజు నూజివీడు బయల్దేరింది.

మోక్షిత ఈసారి జామ అంట్లకు నీళ్ళు పెడుతోంది. పేరమ్మ కూర్చోకుండా, నిలబడే అంతా చెప్పింది. ఎడమ వాటా సంగతీ, మాటల్లేని రెండేళ్ళ సంగతీ, తెగిన వేలూ, ఒట్టి చేతుల పరీక్షా, ఇప్పుడు అంచుల మీద వాడిపోతున్న ముక్కలూ. చివర్న, "ఆ రోజే చెప్పాల్సిందండీ. సంతకం పెట్టరేమోనని చెప్పలేదు," అంది.

మోక్షిత గొట్టం కట్టేసి, ఆమె ముఖంలోకి చూసింది.

"చెప్పినా పెట్టేదాన్నేమో," అంది. "కానీ చెప్పాలి. నీ చేతిలో ఉన్నది నా చెయ్యి కదా."

"అవునండీ."

"తినేవాళ్ళా వాళ్ళు? నిజంగా?"

"రోజూ తినేవాళ్ళండీ. ఒకాయనకు పంటి నొప్పని మెత్తటి ముక్క చూసి పెట్టేవారు."

మోక్షిత తొట్టిలో చేతులు ముంచి, గోళ్ళ సందుల్లో మట్టి పోయేదాకా రుద్ది రుద్ది కడిగింది. "బండి ఉందా?" అని అడిగింది.

*

వంటింట్లోకి ఆమె అడుగుపెట్టేసరికి ఎవరూ చెప్పకుండానే అందరూ లేచి నిలబడ్డారు. కొందరు చేతులు జోడించారు. మోక్షితకు అది ఇబ్బందిగా తోచి, "పనులు కానివ్వండమ్మా, పెళ్లివారు వచ్చేస్తారు," అంది. తిన్నగా నడిచి, రత్తమ్మకు ఎడమన, ఆమెకూ హసీనాకూ మధ్య నిలబడింది.

రత్తమ్మ భయంగా మీట నొక్కింది. కత్తి లేచింది. తన పాతికేళ్ళ కిందటి కోత, వేరే మనిషి చేతుల్లో, తన జానెడు దూరంలో పండులోకి దిగుతుంటే మోక్షిత రెప్పవేయకుండా చూసింది. ముక్క ఊడింది. ఎడమచెయ్యి దాన్ని మెల్లగా జరుపుకుంటూ వచ్చి, ఆమె ముందు ఆగింది.

పొయ్యి మీద పాకం కుతకుతమంటోంది.

రత్తమ్మ కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. చెయ్యి మాత్రం కదలకుండా ఎదురుచూస్తోంది. ఒకటి. రెండు. మోక్షిత ముక్క తీసుకుని నోట్లో వేసుకుంది. అందరూ చూస్తుండగా నిదానంగా నమిలింది.

"పండు ఇంకా ఒకరోజు మగ్గాల్సింది," అంది. "మా తాయారైతే ఉమ్మేసేది."

ఎవరికీ నవ్వడానికి ధైర్యం చాలలేదు. పేరమ్మకు ఆ పాప పేరు తెలియడం అదే మొదటిసారి. తను ఎన్నడూ అడగలేదని కూడా అప్పుడే గుర్తొచ్చింది.

"ఉమ్మేసి, ఇంకోటి ఇమ్మని ఏడ్చేది," అంది మోక్షిత, ఈసారి కాస్త పెద్దగా, గదిలో చివరి బల్ల దాకా వినబడేలా. "మంచి ముక్క చేతికొచ్చేదాకా వదిలేది కాదు. పంతం పిల్ల."

పాకం కలిపే ఆయన పొయ్యి దగ్గర్నుంచి కిసుక్కుమన్నాడు. రత్తమ్మ ఏడుస్తూనే నవ్వింది. తొడుగు ఆగకుండా ఆమె చేతుల్తో కలువ రేకులు విప్పుతూనే ఉంది.

రత్తమ్మ రెండో పండు తీసుకుంది. ముక్క మళ్ళీ అంచుకు వచ్చి ఆగింది. మోక్షిత దాన్ని ముట్టుకోలేదు. ఒక అడుగు వెనక్కి జరిగి, హసీనాకు దారి ఇచ్చింది.

"నాకు చాలు. షుగరుంది," అంది. "తీసుకో అమ్మా, ఆవిడ చెయ్యి నొప్పి పుడుతుంది."

హసీనా వంగి ముక్కను నోటితో అందుకుంది.